హెచ్4 ఈఏడీ మీద సొంత చెకింగ్ అకౌంట్: నా అనుభవం

మా ఆయన హెచ్1బీ వీసా, ఆయన భార్యగా నాది హెచ్4. అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చని ఇచ్చే ఈఏడీ కార్డు డిసెంబర్ చివర్లో వచ్చింది, ఆఫర్ లెటర్ జనవరి రెండో వారంలో, ఉద్యోగంలో చేరాల్సింది ఫిబ్రవరి 2, 2026న. హెచ్‌ఆర్ వాళ్లు పంపిన కాగితాల్లో డైరెక్ట్ డిపాజిట్ (జీతం నేరుగా అకౌంట్‌లో పడటం) ఫారం కూడా ఉంది, బ్యాంకుని గుర్తించే రౌటింగ్ నంబరూ అకౌంట్ నంబరూ రాసి సంతకం పెట్టి పంపమన్నారు. టెక్సస్ వచ్చి రెండేళ్లు దాటింది కానీ నాకంటూ ఆ రెండు నంబర్లూ లేవు. మా ఆయన క్రెడిట్ కార్డు మీద నా పేరుతో ఇంకో కార్డు తీసుకుని సరుకులూ గ్యాసూ దాంతోనే నడిపిస్తున్నా.

"నా అకౌంట్‌నే జాయింట్ చేసేద్దాం, అరగంటలో అయిపోతుంది" అన్నారు ఆయన. అది నిజమే, మా మధ్య గొడవలూ ఏం లేవు. కానీ జాయింట్ అంటే ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీయొచ్చు, ఇద్దరికీ ప్రతి లెక్కా కనిపిస్తుంది. నాన్నకి పుట్టినరోజుకి ఏదైనా పంపితే అది ఎంతో మా ఆయన ఫోన్‌లో టింగుమని మోగక్కర్లేదు కదా అనిపించింది. ఇండియాలో పెళ్లికి ముందు ఆరేళ్లు ఉద్యోగం చేసినదాన్ని, నా జీతం నా అకౌంట్‌లో పడటం నాకు కొత్తేం కాదు. ఆయన కూడా రెండోసారి అడగలేదు.

ఏ బ్యాంకు అన్నదానికి వారం పట్టింది. ఇక్కడ మొదట బుర్రకెక్కించుకోవాల్సింది నెలవారీ ఫీజు. పెద్ద బ్యాంకుల్లో మామూలు చెకింగ్ అకౌంట్‌కి, అంటే రోజువారీ ఖర్చులకు వాడేదానికి, నెలకు 12, 15 డాలర్లు తీసుకుంటారు, జీతం డైరెక్ట్ డిపాజిట్‌గా పడితేనో, 1500 డాలర్లు ఎప్పుడూ ఉంచితేనో వదిలేస్తారు. ఆన్‌లైన్ బ్యాంకుల్లో ఫీజు లేదు, కానీ బ్రాంచీ లేదు, నోట్లు వేయాలంటే తలనొప్పి. క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులదే అయిన సహకార బ్యాంకు లాంటిది) ముందు సభ్యత్వం తీసుకుని సేవింగ్స్‌లో 5 డాలర్లు వేయాలన్నారు, అక్కడి మనుషులు బాగా మాట్లాడారు కూడా, కానీ సోషల్ సెక్యూరిటీ నంబరు (జీతానికీ పన్నుకీ ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే నంబరు) వచ్చాకే రమ్మన్నారు. నేను ఆ నంబరుకి జనవరి మధ్యలో ఆఫీసుకు వెళ్లి అప్లై చేశా, కార్డు ఇంకా పోస్టులో రావాలి.

ఫోన్‌లో ప్రకటనలు చూసి రంగురంగుల యాప్ ఒకదాంట్లో అకౌంట్ తెరుద్దామని నేనూ అనుకున్నా. రెండు రోజుల ముందే జీతం, ఖర్చులకు వేరువేరు కవర్లు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కింద ఫ్లాట్‌లో ఉండే అక్క ఆపింది. "అది బ్యాంకు కాదమ్మా, వెనకాల ఏ బ్యాంకు ఉందో చూడు" అంది. సినాప్స్ అనే కంపెనీ సంగతి అప్పుడే చదివా. ఇలాంటి యాప్‌లకీ అసలు బ్యాంకులకీ మధ్య లెక్కలు చూసే ఆ కంపెనీ 2024 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది, మే నుంచి వేలమంది డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోయింది. బ్యాంకు డిపాజిట్లకి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చే బీమా 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది అంటాం కదా, అది బ్యాంకు మునిగితే వర్తిస్తుంది, మధ్యలో ఉన్న యాప్ కంపెనీ మునిగితే కాదు. యాప్ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో "మేము బ్యాంకు కాదు" అని ఉంటుంది, ఉందో లేదో వెతకండి. ఎఫ్‌డీఐసీ సైట్‌లో పేరు కొట్టి అది నిజంగా బ్యాంకేనా అని చూసుకోవచ్చు. క్రెడిట్ యూనియన్లకైతే బీమా ఇచ్చేది ఎన్‌సీయూఏ, మొత్తం అంతే.

ఇంకో మాట. "నీకు క్రెడిట్ స్కోర్ లేదు, అకౌంట్ ఇవ్వరు" అని నాతో కనీసం ముగ్గురు అన్నారు. చెకింగ్ అకౌంట్‌కి మామూలుగా క్రెడిట్ స్కోర్‌తో పని లేదు. బ్యాంకులు ఎక్కువగా చూసేది చెక్స్‌సిస్టమ్స్ లాంటి రిపోర్టు, అంటే పాత అకౌంట్లలో బాకీ ఎగ్గొట్టారా, మోసం ఏమైనా జరిగిందా అని. మనకి పాత అకౌంటే లేదు, అందులో ఏముంటుంది.

సరే, సోషల్ నంబరు లేకపోయినా పాస్‌పోర్ట్‌తో తెరవొచ్చు అన్న ఒక ఆన్‌లైన్ బ్యాంకులో జనవరి 17 రాత్రి అప్లై చేశా. పాస్‌పోర్ట్ ఫోటో, తల అటూ ఇటూ తిప్పుతూ సెల్ఫీ, అడ్రస్, అన్నీ ఇచ్చా. గుండ్రంగా తిరిగీ తిరిగీ "పరిశీలిస్తున్నాం" అంది. మూడు రోజులకి ఈమెయిల్: మీ వివరాలు నిర్ధారించలేకపోయాం, అకౌంట్ ఇవ్వలేం. కారణం లేదు, ఫోన్ చేస్తే మాకు కనిపించదు అంటారు. వచ్చిన రెండేళ్లలో ఇలాంటివి చాలా చూశా కానీ ఇది మాత్రం గుచ్చుకుంది, ఉద్యోగం ఇచ్చినవాళ్లకి లేని అనుమానం నా డబ్బు దాచుకోవడానికి వచ్చిందేంటి అని. తర్వాత వారానికి పోస్టులో ఉత్తరం వచ్చింది, గుర్తింపు నిర్ధారణ కాలేదు అనే ఒక్క లైను. లీజు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ మా ఆయన పేరు మీదే ఉన్నాయి, వాళ్ల కంప్యూటర్‌కి నేను ఆ ఇంట్లో ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? హెచ్4 మీద ఉన్న చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి చెప్తున్నా, కరెంటు బిల్లులోనో ఇంటర్నెట్ బిల్లులోనో ఒకదాంట్లో మీ పేరు ఇప్పుడే చేర్పించుకోండి. డబ్బులేం ఖర్చు కావు.

దాంతో బ్రాంచి ఉన్న పెద్ద బ్యాంకే దిక్కయింది. కొత్త అకౌంట్‌కి 300 డాలర్ల బోనస్ కూడా ఇస్తున్నారు, 90 రోజుల్లోపు డైరెక్ట్ డిపాజిట్ పడాలి. అది ఉత్తినే వచ్చే డబ్బు కాదు, వడ్డీ కింద లెక్కేసి ఏడాది ముగిశాక 1099-ఐఎన్‌టీ అనే పన్ను ఫారం పంపుతారు, పన్ను కట్టాలి. జనవరి 24 శనివారం అపాయింట్‌మెంట్ దొరికింది.

తీసుకెళ్లినవి: పాస్‌పోర్ట్, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు, ఈఏడీ కార్డు, ఇంట్లో ఉండే మనిషిగా నా పేరు కూడా ఉన్న లీజు కాపీ. రెండో గుర్తింపు ఏదైనా ఉందా అని అడిగాడు అక్కడి కుర్రాడు. నాకింకా డ్రైవింగ్ లైసెన్స్ లేదు. పర్సులో ఇండియా బ్యాంకు డెబిట్ కార్డు ఉంటే, పేరు ఉంది కదా అని దాన్నే రెండో గుర్తింపుగా తీసుకున్నాడు! అన్ని చోట్లా ఒప్పుకుంటారో లేదో కానీ పర్సులో పడేసుకుని వెళ్లండి, బరువేం కాదు.

లీజులో మా ఆయన అద్దెదారు, నేను కేవలం "నివసించే వ్యక్తి". కుర్రాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి చాలాసేపటికి తిరిగొచ్చి సరే అన్నాడు. ఆ కాసేపూ గాజు తలుపు వెనక వాళ్లిద్దరూ నా లీజు పేజీలు తిప్పుతుంటే నాకు టెన్షన్ మామూలుగా లేదు.

ఇక పేరు. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, పేరు మూడు ముక్కలూ ఇచ్చిన పేరు గడిలోనే ఉన్నాయి. అలాంటివాళ్లకి వీసా మీద ఏం చేస్తారో తెలిసిందే, పేరంతా లాస్ట్ నేమ్‌లోకి తోసేసి ఫస్ట్ నేమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ, అంటే "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అని పెడతారు. ఈఏడీలోనూ అంతే. బ్యాంకు కుర్రాడు "ఫ్నూ, ఈ ఫోన్ నంబరు మీదేనా?" అని అడిగాడు, చాలా మర్యాదగా. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మొదటి పేరు ఒకదాన్ని విడదీసి ఫస్ట్ నేమ్‌లో పెట్టమంటే, కాగితంలో ఎలా ఉంటే అలాగే పెట్టాలి అన్నాడు. అతను చెప్పిందే నయం. హెచ్‌ఆర్ రికార్డు, బ్యాంకు రికార్డు ఒకలా ఉంటేనే తర్వాత పేచీలు రావు, అందంగా లేదని ఒక చోట మార్చుకుంటే రెండో చోట పట్టుకుంటుంది.

పన్ను ఫారం దగ్గర ఆగి చదవండి. స్క్రీన్ మీద డబ్ల్యూ-9కి టిక్కు పెట్టేసి ఉంటుంది, అంటే పన్ను లెక్కల్లో ఇక్కడి నివాసి అని మనం సంతకం పెట్టినట్టు. నేను రెండేళ్లుగా ఇక్కడే ఉన్నా కాబట్టి నాకు అదే వర్తిస్తుంది. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద కొత్తగా వచ్చిన పిల్లలకి మామూలుగా, నివాసి కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఉంటుంది, అడిగితే ఇస్తారు, అడగకపోతే ఆ టిక్కు అలాగే పోతుంది. సోషల్ నంబరు "అప్లై చేశాను" అని రాసి, వచ్చాక 60 రోజుల్లో ఇవ్వమన్నారు, లేకపోతే వడ్డీలో 24 శాతం కోసి పన్నువాళ్లకి పంపేస్తారు.

తర్వాత ఓవర్‌డ్రాఫ్ట్. "కార్డు గీసినప్పుడు డబ్బు తక్కువైతే మేము సర్దాలా?" అని ఎంతో ప్రేమగా అడుగుతారు. వద్దు అనండి. 2010 నుంచి ఉన్న రూల్ ప్రకారం మనం ఒప్పుకోకుండా ఏటీఎంలో తీసినందుకూ, దుకాణంలో ఒకసారి కార్డు గీసినందుకూ ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయకూడదు. వద్దంటే కార్డు చెల్లదు, అంతే. చెక్కులకీ, నెలనెలా ఆటోమేటిక్‌గా పోయే బిల్లులకీ మాత్రం ఈ రక్షణ లేదు, అక్కడ బ్యాలెన్స్ మనమే చూసుకోవాలి.

25 డాలర్లు నోట్లు ఇచ్చా, గంటన్నరకి అకౌంట్ తెరుచుకుంది. ఒక కాగితం మీద రౌటింగ్ నంబరు, అకౌంట్ నంబరు ప్రింటు తీసి ఇచ్చాడు. కారులో కూర్చుని ఆ కాగితాన్ని ఫోటో తీసి అమ్మకి పంపా, నంబర్లు వేలితో మూసి. "ఏంటే ఇది, కరెంటు బిల్లా" అంది. చెక్‌బుక్ కావాలంటే డబ్బులు కట్టాలన్నారు, నేను తీసుకోలేదు. హెచ్‌ఆర్ వాళ్లు వాయిడ్ చెక్ (నంబర్ల కోసం ఇచ్చే, రద్దు చేసిన చెక్కు) అడిగారు కానీ యాప్‌లోనే మన పేరూ నంబర్లూ నింపి ఉన్న డైరెక్ట్ డిపాజిట్ ఫారం పీడీఎఫ్ దొరుకుతుంది, అది పంపితే చాలు.

అకౌంట్ అయితే ఉంది, ఇక అది పనిచేయడానికి పట్టిన కాలం వేరే కథ.

డెబిట్ కార్డు వారం పది రోజుల్లో పోస్టులో వస్తుందన్నారు. ఫిబ్రవరి మొదటి వారం అయిపోయింది, రాలేదు. ఫోన్ చేస్తే "వెళ్లింది, తిరిగొచ్చింది" అన్నారు. మా అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ లోపల పోస్టువాళ్ల కోసం అతికించిన చీటీలో మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. కవరు మీదేమో ఎఫ్‌ఎన్‌యూ అని మొదలయ్యే, ఆ ఇంటిపేరుకి సంబంధం లేని పేరు. ఈ ఇంట్లో ఇలాంటివాళ్లెవరూ లేరని వెనక్కి పంపేశారు. లీజింగ్ ఆఫీసులో చెప్తే ఒక చీటీ మీద నా పేరంతా మార్కర్‌తో రాసి, ఎఫ్‌ఎన్‌యూతో సహా, టేపు వేశారు. పైగా కవరు తిరిగొచ్చేసరికి బ్యాంకు వాళ్ల దగ్గర నా అడ్రస్ తప్పు అని గుర్తు పడింది, మళ్లీ బ్రాంచికి వెళ్లి అదే లీజు చూపిస్తే గానీ కొత్త కార్డు పంపలేదు. అది ఫిబ్రవరి 20న వచ్చింది. కార్డు మీద పేరుకి చోటు చాలక చివరి రెండు అక్షరాలు ఎగిరిపోయాయి, ఎఫ్‌ఎన్‌యూ మాత్రం చెక్కుచెదరకుండా ముందు కూర్చుంది.

జెల్ గురించి కూడా చెప్పాలి. ఇక్కడ యూపీఐలా ఎవరికైనా ఫోన్ నంబరుకి డబ్బు కొట్టాలంటే ఎక్కువమంది వాడేది అదే, బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది, దుకాణాల్లో స్కాన్ చేయడానికి మాత్రం కాదు. నా నంబరు పెడితే "ఈ నంబరు ఇప్పటికే వేరే బ్యాంకులో ఉంది" అంది. నేను వాడే సిమ్ ఒకప్పుడు మా ఆయనది, ఆయన అకౌంట్‌కే తగిలించి ఉంది. ఒక నంబరు ఒక అకౌంట్‌కే ఉంటుంది. అది తెలిసేలోపు కింది ఫ్లాట్ అక్క, నేను తెచ్చిన పిండివంటల డబ్బులు 40 డాలర్లు నా నంబరుకే కొట్టింది, అవి నేరుగా ఆయన ఖాతాలో పడ్డాయి. ఆయన ఎవరో పొరపాటున పంపారనుకుని వెనక్కి పంపే ప్రయత్నంలో ఉన్నారు! చివరికి నేను ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకున్నా, నంబరు తర్వాత మార్చాం. కొత్త అకౌంట్ కాబట్టి రోజుకి పంపే పరిమితి కూడా తక్కువే పెట్టారు. జెల్‌లో మనంతట మనమే పంపిన డబ్బు మోసగాడికి పోయినా తిరిగి రావడం చాలా కష్టం, కొత్తవాళ్లకి పంపేముందు ఒక డాలర్ పంపి చూడండి.

మొదటి జీతం ఫిబ్రవరి 13. మా కంపెనీ పేరోల్ వాళ్లు కొత్త అకౌంట్‌కి ముందు సున్నా డాలర్ల పరీక్ష పంపి, అది సరిగ్గా చేరితేనే తర్వాతి జీతం నుంచి నేరుగా వేస్తారట. అందుకని మొదటిది కాగితం చెక్కు. వెనక సంతకం పెట్టి, "మొబైల్ డిపాజిట్ కోసం మాత్రమే" అని ఇంగ్లిష్‌లో రాసి, యాప్‌లో ఫోటో తీయాలి. తెల్ల టేబుల్ మీద పెడితే అంచులు కనిపించట్లేదంటుంది, లైటు కింద పెడితే మెరుస్తోందంటుంది. ఆఖరికి నల్ల చీర ఒకటి మడిచి దాని మీద పెట్టి తీస్తే తీసుకుంది. తీసుకుని, "ఫిబ్రవరి 25న అందుబాటులోకి వస్తుంది" అంది.

పన్నెండు రోజులు! అకౌంట్ తెరిచిన మొదటి 30 రోజులూ చెక్కుల్ని ఎక్కువ కాలం ఆపే వెసులుబాటు బ్యాంకులకి ఉంది, పైగా 16న ప్రెసిడెంట్స్ డే సెలవు. ఆ డబ్బు యాప్‌లో బూడిదరంగులో కనిపిస్తూనే ఉంటుంది, ముట్టుకోలేం. రోజూ పొద్దున్నే లేచి చూసేదాన్ని. ఆ మధ్యలో కారు ఇన్సూరెన్స్‌లో నా వాటా నేనే కడతానని గొప్పగా చెప్పిన పాపానికి మళ్లీ ఆయనే కట్టారు. కాగితం చెక్కుని మాత్రం డబ్బు పూర్తిగా చేతికొచ్చేదాకా చింపకండి.

అన్నట్టు ఫిబ్రవరి స్టేట్‌మెంట్‌లో 12 డాలర్లు ఫీజు కొట్టారు. చెక్కు వేస్తే డైరెక్ట్ డిపాజిట్ కింద లెక్క కాదు కదా. చాట్‌లో "మొదటి నెల, పేరోల్ ఆలస్యం" అని రాస్తే వెంటనే వెనక్కి వేశారు. అడగాలి, అంతే.

27న తెల్లవారుజామునే ఫోన్ మోగింది, డైరెక్ట్ డిపాజిట్ పడింది, ఆపడం గీపడం ఏం లేకుండా మొత్తం వాడుకోవచ్చు. మంచం మీద నుంచే అలర్ట్‌లన్నీ ఆన్ చేసుకున్నా: డాలర్ దాటిన ప్రతి ఖర్చుకీ మెసేజ్, బ్యాలెన్స్ 200 కిందికి వస్తే మెసేజ్. కార్డు ఎక్కడో పెట్టి మర్చిపోయినప్పుడు యాప్‌లో తాళం వేసి, దొరికాక తీసేయొచ్చు, నేను ఇప్పటికే వాడేశా. ఖర్చుల్ని రంగుల చక్రంలో చూపించే బడ్జెట్ టూల్ ఒకటుంది, మా ఇండియన్ స్టోర్‌ని "వినోదం"లో వేసింది. దాన్ని వదిలేశా.

ఇండియాకి పంపే యాప్‌కి ఈ అకౌంట్ కలపడం కూడా ఒక్క నొక్కుతో కాలేదు. లాగిన్‌తో కలిపే పద్ధతిలో పేరు సరిపోలేదంది, మళ్లీ ఎఫ్‌ఎన్‌యూనే. రెండో పద్ధతిలో వాళ్లు కొన్ని సెంట్లు రెండుసార్లు మన అకౌంట్‌లో వేస్తారు, రెండు పనిరోజుల్లో పడ్డాయి, ఎంత పడ్డాయో చెప్తే కలిసిపోయింది. 2026 జనవరి 1 నుంచి బయటిదేశాలకి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను అని అందరూ కంగారు పడ్డారు కదా, అది నోట్లు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కుతో పంపితేనే. బ్యాంకు అకౌంట్ నుంచీ, ఇక్కడి డెబిట్ కార్డు నుంచీ పంపితే లేదు. నాన్నకి 200 డాలర్లు పంపా. ఆయన ఫోన్ చేసి మొదట అడిగింది "అల్లుడికి తెలుసా?" అని. తెలుసు నాన్నా, కానీ ఇవి నావి అన్నా. కాసేపు ఏం మాట్లాడకుండా, "సరే, జాగ్రత్త చేస్తాలే" అన్నారు.

సోషల్ కార్డు ఫిబ్రవరి మధ్యలోనే వచ్చింది, కార్డు గొడవ కోసం బ్రాంచికి వెళ్లినప్పుడే అది కూడా నమోదు చేయించా. మార్చి మొదట్లో, జనవరిలో నన్ను కాదన్న అదే ఆన్‌లైన్ బ్యాంకులో ఆ నంబరుతో సేవింగ్స్‌కి అప్లై చేస్తే టీ చల్లారేలోపు తెరుచుకుంది. వడ్డీ వాళ్ల దగ్గర బాగుంది కాబట్టి కోపం పక్కన పెట్టా.

300 బోనస్ ఇంకా రాలేదు. డైరెక్ట్ డిపాజిట్ పడ్డ 15 రోజుల్లో అని వాళ్ల షరతుల కాగితంలోనే ఉంది, అంటే మార్చి 14. ప్రింటు తీసి పెట్టుకున్నా, అప్పటికీ రాకపోతే 16న సోమవారం లంచ్ టైమ్‌లో బ్రాంచికి వెళ్తా.